గోడ అవతలికి ఎవరు వెళ్ళాలి

తల్లి భర్తకు చొక్కా గుండీలు పెడుతుండగా ఎవరో తలుపు తట్టారు. ఆయన కుడిచేతికి బొటనవేలు తప్ప ఏమీ మిగల్లేదు, ఎడమచేతికీ రెండు వేళ్ళే ఉన్నాయి. గుండీల పని ఎప్పుడూ ఆవిడదే. కూతురు వెళ్ళి తలుపు తీసింది. వచ్చినవాడు మేనమామ. ఆ గడప తొక్కి ఏళ్ళయింది. తల్లి తమ్ముణ్ణి రమ్మనలేదు, పొమ్మననూ లేదు, వంటగదిలోకి వెళ్ళిపోయింది.

మేనమామ ఒకప్పుడు అణు విద్యుత్ కేంద్రంలో షిఫ్టు ఇన్‌చార్జి. అక్కడ మందపాటి గోడ అవతలి గదిలో రేడియేషన్ ఎక్కువ, మనిషి అడుగు పెట్టకూడదు. ఇవతల నిలబడి యంత్రపు చేతితో పని చెయ్యాలి. ఒకరోజు ఆ చెయ్యి మొరాయించింది. లోపల ఇనుప ముక్కొకటి జారిపడింది. బాగుచేసేదాకా ఆగితే పైవాళ్ళు కేకలేస్తారని, తన కింద పనిచేసే సొంత బావనే లోపలికి పంపాడు. "చిటికెలో పని బావా, తీసి పక్కన పెట్టి వచ్చెయ్" అన్నాడు. బావ తీసి పక్కన పెట్టాడు. తర్వాత వేళ్ళు నల్లబడ్డాయి, డాక్టర్లు ఒక్కొక్కటీ తీసేశారు. విచారణలో మాత్రం తమ్ముడుగారు "ఆయనే దూకుడుగా వెళ్ళాడు" అని చెప్పి చేతులు దులుపుకున్నాడు. వేళ్ళు పోయినందుకు కన్నా ఆ మాటకే అక్క కడుపు ఎక్కువ రగిలింది.

ఇప్పుడు ఆ కేంద్రం మూతపడింది. దూరం నుంచే నడిపే యంత్రాలతో దాన్ని విప్పే బృందానికి కూతురే పెద్ద. మేనమామ కూతురు చిట్టి ఆమె దగ్గరే పనిచేస్తోంది. నిన్న కొత్త యంత్రపు చెయ్యి అదే గదిలో గొట్టాల మధ్య ఇరుక్కుపోయింది. ఎవరైనా లోపలికి వెళ్ళి ఒక బోల్టు వదులు చేస్తే సరిపోతుందన్నాడు మేనేజరు. వంతు చిట్టిది. కూతురు ఊ అనాలి, అంతే. ఆమె పొద్దున చెప్తానంది. ఇంటికొచ్చి చెబితే "కాగల కార్యం గంధర్వులే తీర్చారు" అంది తల్లి. ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

"చిట్టిని పంపుతున్నారటమ్మా" అన్నాడు మేనమామ, నిలబడే.

"దాని వంతు మామయ్యా. చిటికెలో పని. బోల్టు వదులు చేసి వచ్చెయ్యడమే."

ఆయన ముఖంలో రక్తం ఇంకిపోయింది. ఆ ముఖం చూడాలని కూతురు చిన్నప్పటి నుంచీ కాచుకుని ఉంది. తీరిగ్గా చూసింది.

"పంపవే" అంది తల్లి వంటగదిలోంచి. "తనదాకా వస్తే గానీ తెలియని మనుషులుంటారు. రేపు ఏదైనా అయితే, పిల్లే దూకుడుగా వెళ్ళిందని విచారణలో వాడే చెప్తాడు. అలవాటేగా."

"అక్కా, దాని తప్పేముంది?"

"మా ఆయన తప్పేముందిరా?"

"ఆ రోజు నా చేతుల్లో ఏమీ లేదక్కా. పైవాళ్ళ ఒత్తిడి. నేను కాదంటే నా చోట ఇంకొకణ్ణి పెట్టి పంపించేవాళ్ళు." ఇన్నేళ్ళుగా అదే పాట.

తండ్రి అప్పుడు నోరు విప్పాడు. "అమ్మాయీ, పంపేది నువ్వు, నీ ఇష్టం. నా పేరు చెప్పి మాత్రం పంపకు."

కూతురు తండ్రి వైపు చూసింది. తర్వాత ఫోను తీసి, అందరికీ వినిపించేలా పెట్టి మేనేజరుకు చేసింది.

"సార్, గోడ అవతలికి ఎవరూ వెళ్ళరు."

"అదేంటమ్మా, ఇంత చిన్న పనికి? పైవాళ్ళకి నేనేం చెప్పుకోను?"

"నేను ఆపానని చెప్పండి. పొడుగు చెయ్యి ఇంకొకటి తెప్పించండి, బయట నుంచే విడిపిద్దాం. అందాకా పని ఆగుతుంది."

అవతల గొణిగాడు, నిట్టూర్చాడు. "సరే, నీ మాటే కానియ్" అని పెట్టేశాడు.

మేనమామ ఇంకా ఫోను వైపే చూస్తున్నాడు. "అంతేనా?"

"అంతే మామయ్యా. నీ చేతుల్లో లేదని ఇన్నేళ్ళూ చెప్పింది దీని గురించే. చిట్టిని పంపితే నన్ను తిట్టుకుంటూ హాయిగా బతికేస్తావు. పంపకపోతే నిన్ను నువ్వు తిట్టుకోవాలి. నాకదే కావాలి."

ఆమె గొంతు పెంచలేదు. ఆయన మాత్రం బావ కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాడు.

"ఆపగలిగేవాణ్ణి బావా. ఒక్క మాటతో ఆపగలిగేవాణ్ణి. నేనే పంపాను. విచారణలో అబద్ధం చెప్పాను." భోరుమన్నాడు.

ఇంత కసి తీరాక సంతోషం రావాలి. కూతురికి కళ్ళు మసకబారాయి. తండ్రి ఊరుకోమన్నట్టు బావమరిది భుజం తట్టబోతే, తల్లి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏడవనివ్వండి" అంది, తనూ నేల మీద తమ్ముడి పక్కన కూర్చుంటూ. "ఈ మాట కోసమే వీణ్ణి ఇన్నేళ్ళూ గుమ్మం ఎక్కనివ్వలేదు."

చెప్తూ చెప్తూనే ఆవిడ తమ్ముడి తల ఒళ్ళోకి లాక్కుని, వాడికన్నా గట్టిగా ఏడ్చింది.