తురాయి మీద ఎర్ర గుర్తు

పెళ్లయి మూడు నెలలే. ఎల్బీ నగర్‌లోని ఆ రెండు గదుల కిరాయి ఇంట్లో శ్రీకళకు ప్రతిదీ ముచ్చటగానే ఉండేది. డ్యూటీకి పోతూ భర్త యోగేందర్ గేటు దగ్గర ఆగి వెనక్కి చూడటం, అత్తమ్మ చాయ్‌లో అల్లం దంచి వేయడం, దండెం మీద తన చున్నీ పక్కనే మామయ్య తువ్వాల ఆరడం కూడా.

ఆ ఉదయం బట్టలు నానబెడుతూ ఆ తువ్వాల చేతిలోకి తీసుకుంది. గుప్పున థిన్నర్ వాసన. నిండా ఎర్ర రంగు మరకలు.

ఆమె ముఖంలో నవ్వు మాయమైంది.

నాదర్‌గుల్ దగ్గర చెరువు గట్టున లేస్తున్న పదిహేనంతస్తుల అపార్ట్‌మెంట్‌కు తోట డిజైన్ చేయడం శ్రీకళకు మొదటి పెద్ద పని. అన్నీ ఈ నేల మొక్కలే ఉండాలన్నది షరతు. నీటి అంచున జమ్ము, ఆ పైన తెల్లమద్ది, కానుగ, దారి పొడవునా తంగేడు. బయటి నుంచి వచ్చిన చెట్లకు ఆమె ఎర్ర గుర్తు పెడితే తోటపని చేసే మాలీలు కొట్టేస్తారు. మామయ్య బిక్షమయ్యను అక్కడ మాలీగా పెట్టించింది కూడా తనే. గట్టు మీది ముసలి తురాయికి మాత్రం రెండుసార్లు పెట్టిన గుర్తు రెండుసార్లూ మాయమైంది. "గుర్తు పెట్టడం కూడా రాదా మేడమ్?" అని ఇంజనీర్ అందరి ముందూ నవ్వాడు.

"గుర్తు తుడిచింది మీరా మామయ్యా?"

బిక్షమయ్య చాయ్ గ్లాసులోంచి తలెత్తలేదు. "జర ఉండనియ్యరాదు బిడ్డా. ఎవలకేం అడ్డం?"

"అది మన చెట్టే కాదు, ఎక్కణ్నుంచో ఒచ్చింది!"

వంటింట్లోంచి సాయమ్మ అందుకుంది. "మనం గూడ దేవరకొండ దిక్కుకెల్లి ఒచ్చినోళ్లమే. మనకు గూడ రంగు పూస్తవా ఏందే?"

"నవ్వులాట కాదత్తమ్మా! రేపు ఓనర్ ఒస్తున్నడు. నా కొలువు పోతే మీకు మంచిగుంటదా? ఇంట్లోళ్లే ఇట్ల చేస్తే ఎవలకు చెప్పుకోవాలె?"

బిక్షమయ్య లేచాడు. "తప్పయింది బిడ్డా." తువ్వాల కోసం దండెం వైపు చెయ్యి చాపాడు. అది బకెట్లో ఉంది. ఒట్టి భుజంతోనే వెళ్లిపోయాడు.

శ్రీకళ బట్టలు సగం ఉతికాక సాయమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"యోగి పుట్టకముందు గా గట్టు మీదనే మా గుడిసె. ఏడేండ్ల బిడ్డ ఉండె మాకు. తురాయి కాయలతోని కత్తుల ఆట ఆడేది. ఒకదినం గుడిసె ముంగట గింజ పాతింది. మొలిచిందా అని పొద్దుకు పదిసార్లు తవ్వి సూసేది. జరమొచ్చి మూడొద్దులకే పోయింది. అది పోయినంక మొలిచిందే గా చెట్టు. గాయన మళ్ల బిడ్డ పేరు ఎత్తలే. యోగికి గూడ తెల్వది."

శ్రీకళ తడి చేతులతోనే ఆటో ఎక్కింది.

పక్కనున్న ఎయిర్‌ఫీల్డ్ నుంచి లేచిన శిక్షణ విమానం ఒకటి చెరువు మీద గుండ్రంగా తిరుగుతోంది. గట్టు మీద ఎర్రటి పూలగుత్తుల కోసం ఆమె దూరం నుంచే వెతికింది. అక్కడ ఉత్త ఆకాశం ఉంది. చెట్టు పూలతో సహా కూలి, కొమ్మలు సగం నీళ్లలో ఉన్నాయి. రంపం మిషన్ పక్కన పెట్టి బిక్షమయ్య మొద్దు మీద కూర్చున్నాడు.

"ఎందుకు కొట్టినవ్ మామా?"

"వేరేటోళ్లు కొడుతుంటే సూడలేను. ఒక బిడ్డ కోసం ఇంకో బిడ్డను బద్నాం చేస్తనా?"

శ్రీకళ రంపపు పొట్టులోనే కూలబడింది. పక్కన పడి ఉన్న ఎండు కాయ అందుకుంటే లోపల గింజలు గలగలమన్నాయి. ఏడుపు ఆపుకుంటూ అడిగింది.

"మా వదిన పేరేంది మామా?"

ఆయన పెదవులు రెండుమూడుసార్లు కదిలాయి.

"పెంటమ్మ. ముందుగాల పుట్టినోళ్లు దక్కలే. గా పేరు పెడితే బతుకుతదన్నరు."

కళ్లు తుడుచుకోవడానికి భుజం మీద తడుముకున్నాడు. తువ్వాల లేదు. శ్రీకళ దగ్గరికి జరిగి, తన చున్నీ కొంగు ఆయన చేతిలో పెట్టింది.