భుజం మీద చెయ్యి

ఎవరితోనూ ఎప్పుడూ అనని మాట ఒకటి ఆమె కడుపులోనే ఉండిపోయింది. అమ్మ పోతే తనకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. అమ్మ నవ్వుతూ దిగిన ఫోటో ఇన్నేళ్ళకీ ఒకే ఒక్కటి. అందులో అమ్మ భుజం మీద ఉన్నది చెల్లి చెయ్యి. తనది కాదు.

ఆమె ఫోటో స్టూడియోలో పనిచేస్తుంది. చదువు మధ్యలో ఎగ్గొట్టి, కంప్యూటర్ ముందు కూర్చుని తనకు తానే నేర్చుకున్న పని. ఎవరైనా పోతే ఇంటివాళ్ళు ఏదో గుంపు ఫోటో పట్టుకొచ్చి, "ఇందులోంచి మా నాన్నని తీసివ్వండి" అంటారు. బతికున్నన్నాళ్ళూ ఆ మనిషిని విడిగా కూర్చోబెట్టి ఒక్క ఫోటో తియ్యాలని ఎవడికీ తోచదు. పోయాక మాత్రం గోడంత కావాలి! ఆమె ఆ మనిషిని కత్తిరించి, పక్కవాళ్ళ మోచేతులూ వేళ్ళూ చెరిపేసి, చొక్కా రంగే తెచ్చి ఆ చోటంతా పులుముతుంది. స్టూడియో యజమానిదొక చాదస్తం. "పోయినవాళ్ళ ఫోటోలో బతికున్నవాళ్ళ గోరు కూడా మిగలకూడదమ్మాయ్. మిగిలితే, మిగతా మనిషి దాని వెనకాలే పోతాడు," అంటాడు. ముసలాడికి పనీపాటా లేదు అనుకునేది.

అమ్మ ఫోటో కూడా తనే చేసింది.

"నా చెయ్యి ఉంచవే అక్కా," అని చెల్లి బతిమాలింది. "ఉంటే ఏం పోయింది?"

"ఇదేమన్నా నీ పుట్టినరోజు ఫోటో అనుకున్నావా?"

కోపంగా చేసిన పని కదా, అమ్మ శాలువా మడతలో చెల్లి బొటనవేలి గోరు, సగం లేచిపోయిన రంగుతో అలాగే ఉండిపోయింది. ఫ్రేము గోడకెక్కాక చూసింది. ఎవడు పట్టించుకుంటాడులే అని ఊరుకుంది.

ఇవాళ పొద్దున చెల్లి కుడిచెయ్యి పట్టుకుని దగ్గరకొచ్చింది. "అక్కా, చెయ్యి మొద్దుబారిపోయిందే. గ్లాసు కూడా నిలవట్లేదు."

"చుట్టాలందరూ ఉన్నారుగా, బాగానే రక్తి కట్టిస్తున్నావ్."

ఇల్లంతా నాటకమే. గుమ్మంలోకి కొత్త మొహం వచ్చినప్పుడల్లా పెద్దమ్మ ఏడుపు మొదట్నుంచీ అందుకుంటోంది. అది చూడలేక తను చెప్పులేసుకుని వచ్చేసింది. స్టూడియో వీధి చివర పాతకాలం గీసిన బొమ్మల మ్యూజియం ఉంది. అక్కడైతే "తిన్నావా తల్లీ" అని ఎవరూ వెంటపడరు.

లోపల చల్లగా ఉంది. నేల తుడిచిన మందు వాసన, పాత రంగుల వాసన. ఎత్తయిన కిటికీల్లోంచి మబ్బు వెలుతురు. గోడల నిండా గొప్పోళ్ళు. బొద్దు బుగ్గలు, దువ్విన గడ్డాలు, ఒళ్ళో కుక్కపిల్లలు. గీసినవాడు కుక్క మీద పెట్టిన శ్రద్ధ మనిషి మీద పెట్టలేదు. కుక్కకే కాస్త కళ ఉంది. ఆ మాత్రం దానికి ముందు నిలబడి తలలూపే జనం ఒకటి!

మొదటి గది చివర నల్లగౌను ముసలావిడ బొమ్మ. ఆవిడ భుజం మీద నాలుగు వేళ్ళు. చెయ్యి లేదు, మనిషి లేడు.

"చెరపడం రాని వెధవ ఎవడో," అనుకుని నవ్వుకుంది.

రెండో గదిలో జనం పల్చబడ్డారు. కోటు వేసుకున్న జడ్జి భుజం మీద మణికట్టు దాకా చెయ్యి. బొటనవేలి గోరు రంగు సగం లేచిపోయి ఉంది.

ఆమె నవ్వు ఆగింది.

మూడో గదిలో ఎవరూ లేరు. అక్కడ మోచేతి దాకా ఉంది. మణికట్టు మీద నెలవంకలా మచ్చ... చెల్లికి ఇస్త్రీ పెట్టె అంటుకున్న చోట.

ఏదో వాసన. అమ్మ మోకాళ్ళ మందు వాసన. రోజూ అమ్మ కాళ్ళకి దాన్ని రుద్దింది చెల్లి. ఆ కుడిచేత్తోనే. ఆ వాసన పడదని తను తలుపేసుకునేది.

మూల స్టూలు మీద కూర్చున్న కాపలా ఆవిడ లేచి వచ్చి, గొంతు తగ్గించి అంది. "అమ్మాయ్, నీతో వచ్చిన పిల్లకి చెప్పు. బొమ్మల మీద చెయ్యి వెయ్యకూడదు."

"నేనొక్కదాన్నే వచ్చానండీ."

"అదేంటి? ప్రతి గదిలోకీ నీకంటే ముందే పోతోందిగా."

"...ఎలా ఉంటుంది?"

"మొహం చూళ్ళేదమ్మా. ఎప్పుడూ అటే తిరిగి ఉంటుంది."

వెనక్కి పోవాలి. కాళ్ళు ముందుకే పోయాయి.

చివరి గది. ఒకటే బొమ్మ. శాలువా కప్పుకుని కుర్చీలో ఒక ఆడమనిషి. కింద చీటీ మీద 'ఒంటరి స్త్రీ' అని ఉంది. ఆవిడ ఒంటరిగా లేదు. వెనక ఒక పిల్ల నిలబడింది. చెయ్యి... భుజం... జడ... మెడ.

మొహం లేదు.

మొహం ఉండాల్సిన చోట గోడ రంగే తెచ్చి నున్నగా పులిమి ఉంది. ఎడమ మూల నుంచి మొదలుపెట్టి, కిందికి లాగి, అంచు దగ్గర చిన్న మెలిక. ఆ మెలిక ఆమెకి తెలుసు. ఈ ఊళ్ళో అలా చెరిపేది తనొక్కతే.

వెనక చెప్పుల చప్పుడు. ఆగింది.

ఆమె తిరిగి చూడలేదు. ఎడమ భుజం బరువెక్కింది. మొద్దుబారిన చెయ్యి పడ్డట్టు... పట్టు లేకుండా, ఊరికే పడి ఉన్నట్టు. మందు వాసన ముక్కు నిండా కొట్టింది.

పొద్దున చెల్లి నాటకమాడలేదు.

అమ్మ ఫోటో దింపెయ్యవే, అని చెల్లికి చెప్పాలి. నీ చెయ్యి మళ్ళీ పెట్టేస్తాను, పూర్తిగా పెడతాను, నువ్వు మాత్రం పలుకు. ఎన్నడూ తనంతట తాను చెల్లికి ఫోన్ చేసిన పాపాన పోలేదు. ఇప్పుడు చేస్తుంది.

ఫోన్ తీసి, తాళం తెరుచుకోడానికి మొహం ముందు పెట్టుకుంది. తెర వెలిగింది, తెరుచుకోలేదు.

'ముఖం కనిపించడం లేదు' అంది.

కిటికీ వెలుగులోకి జరిగి మళ్ళీ పెట్టింది.

'ముఖం కనిపించడం లేదు.'

చెంప తడుముకోబోయిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. అది తర్వాత. ముందు చెల్లి. ఆమె తల దించుకుని, ఫోన్ తాళం అంకెలు ఒక్కొక్కటే నొక్కడం మొదలుపెట్టింది.