ఒవైస్ డెక్కు ఖాళీ చేద్దామని

ఆదివారం మధ్యాహ్నం అమీర్‌పేటలోని ఆ భవనంలో కోచింగ్ సెంటర్లన్నీ మూసి ఉన్నాయి. మూడో అంతస్తులో గేమ్ కెఫే ఒక్కటే తెరిచి ఉంది. బయట వాన. మెట్రో రైలు పోయినప్పుడల్లా కిటికీ అద్దాలు సన్నగా వణుకుతున్నాయి. లోపల తడి గొడుగుల వాసన, అల్లం చాయ్ వాసన.

నవీన పంజాగుట్ట నుంచి కొత్త డెక్కుతో, అంటే కొత్త కార్డుల కట్టతో వచ్చింది. వాళ్ళు ఆడేది నలుగురు కూర్చుని, ఎవరి డెక్కుతో వాళ్ళు ఆడే ట్రేడింగ్ కార్డుల ఆట. వారమంతా ఆఫీసు నుంచి రాగానే కార్డులు ఏరి ఏరి కట్టింది. మిల్ డెక్కు అంటారు. దాంతో ఎవరినీ కొట్టక్కర్లేదు. ఎదుటివాళ్ళ కార్డుల్ని వాళ్ళ చేతికి రాకముందే కుప్పలో పారేయిస్తూ పోవడమే. తన వంతు వచ్చినప్పుడు తీయడానికి కార్డు లేనివాడు ఆటలోంచి పోతాడు.

ఆమెకు కావలసింది ఒక్కడు పోవడం. ఒవైస్.

వానలు మొదలైనప్పుడే చచ్చిపోయాడు. అయినా చెల్లెలు అంబ్రీన్ ప్రతి వారం అతని కుర్చీ వేసి, అతని డెక్కు పెట్టి, తన ఆటతో పాటు అతని తరఫున కూడా ఆడుతోంది. పైగా గెలుస్తోంది. చచ్చినవాడి చేతిలో ఓడడం నవీనకు పరమ రోత.

"ఇయ్యాల వాని డెక్కు ఖాళీ అయితే కుర్చీ తీసేయాలె," అంది.

"తీసేద్దాం తియ్యి. జర మెల్లగ మాట్లాడు," అన్నాడు ఎదురుగా కూర్చున్న విజయేందర్. ఎడమవైపు కూర్చున్న అంబ్రీన్ తన డెక్కు కలపసాగింది.

ఆ బల్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. కలిపిన డెక్కును కుడివైపు మనిషి ముందు పెట్టాలి. అతను కట్ చేస్తాడు. అక్కర్లేదనుకుంటే వేలి కణుపుతో బల్ల మీద ఒకసారి తడతాడు. నవీనకు కుడివైపు ఒవైస్ కుర్చీ. అతను పోయినప్పటి నుంచి ఆమె డెక్కును విజయేందరే కట్ చేస్తున్నాడు. ఆ రోజు ఆమె దాన్ని ఖాళీ కుర్చీ ముందుకే తోసింది.

"కట్ చెయ్యి భాయ్. ఆఖరిసారి."

టక్.

ముగ్గురూ విన్నారు.

"వాన," అంది నవీన.

ఆట సాగింది. ఆమె కార్డు వేసినప్పుడల్లా ఒవైస్ కార్డులు గుప్పెళ్ళకొద్దీ కుప్పలో పడ్డాయి. కుప్ప పెరుగుతోంది. అతని డెక్కు మాత్రం తరగడం లేదు. ఇంకా వేసింది. తరగలేదు... సోంపు వాసన వచ్చింది. ఒవైస్ ఎప్పుడూ నమిలే సోంపు. సరిగ్గా ఆమె కుడి చెవి పక్కనుంచి...

"కుప్పల కార్డులు మళ్ల డెక్కుల కలుపుతున్నవా?" అంబ్రీన్‌ను గుసగుసగా అడిగింది.

"నేను ముట్టనే లేదు అక్కా."

నవీన అతని కుప్పలో పై కార్డు తిప్పి చూసింది. తనది. దాని కిందదీ తనదే. వారమంతా తను ఏరుకున్నవే.

తన డెక్కు కోసం చెయ్యి చాపింది. చేతికి బల్ల తగిలింది.

ఆమె వంతు. తీయడానికి ఏమీ లేదు...

అంబ్రీన్ కార్డులన్నీ సర్దింది. ఒవైస్ కుర్చీ ముందు ఒక డెక్కు పెట్టింది. నవీన ముందు ఒకటి.

"మనిద్దరమే మిగిలినం," అన్నాడు విజయేందర్. "గీ కుర్చీలు తీసేద్దామా?"

"ఉండనీ. ఇద్దరి తరఫున నేనే ఆడుత."

"ఏం పరాచికాలే ఇవి?" అంది నవీన. ఎవరూ తల తిప్పలేదు. లేవబోయింది. కాళ్ళు కదల్లేదు. అరిచింది. ఆ అరుపు ఆమెకే వినబడలేదు.

అంబ్రీన్ తన డెక్కు కలిపి, పద్ధతి ప్రకారం కుడివైపుకు, నవీన ముందుకు జరిపింది. ఆగింది.

నవీన వేలి కణుపుతో బల్ల మీద కొట్టింది. ఒక్కసారి.

విజయేందర్ ముఖం పాలిపోయింది. "వాన... గంతే."

అంబ్రీన్ కిటికీ వైపు చూసింది. వాన ఎప్పుడో ఆగిపోయింది.

అన్న కుర్చీ వైపు తిరిగి, "రెండుసార్లు వినబడ్డది," అంది.