రెండో ఊపిరి

ఆపరేషన్ బల్ల మీద మనుషులకి మత్తు ఇవ్వడం నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. తాగుడు విషయంలో ఎవరు అబద్ధం చెప్పినా ఇట్టే పట్టేస్తాను.

వడ్రంగికి పేగులో గడ్డ. దారికి అడ్డం పడింది, వాయిదా వేయడానికి లేదు. ముందురోజు మధ్యాహ్నం వార్డులో అతని మంచం పక్కన కూర్చున్నాను.

“తాగుడు మానేశారా?”

“మానేశానమ్మా.”

“ఎప్పుడు?”

“నిన్న.”

“మానలేదు డాక్టరుగారూ,” అంది అతని భార్య దిండు సర్దుతూ. “నిన్న దొరకలేదు.”

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ముప్పై ఏళ్లు తాగిన ఒంట్లో రోగాలతో పోరాడే తెల్లకణాలు మొద్దుబారిపోతాయి. కోత చీము పట్టే భయం వీళ్లకే ఎక్కువ. పీల్చే మత్తు ఆ కణాలను ఇంకా అణిచేస్తుందా, నరంలోకి ఎక్కించే మందైతే కాస్త నయమా అన్నది తేల్చడానికి మా ఆసుపత్రిలో పరిశోధన నడుస్తోంది. ఎవరికి ఏ మత్తన్నది సీలు వేసిన కవరు చెబుతుంది. తర్వాత మూడు రోజులు రక్తం తీసి ల్యాబుకి పంపుతాం.

రెండు నెలల కిందట ఒక బస్సు డ్రైవరు కవరులో పీల్చే గ్యాసు అని వచ్చింది. మాస్కు దగ్గరికి తేగానే అతను తల తిప్పేసుకున్నాడు. “ఆ వాసన వద్దమ్మా, సూదే ఇవ్వండి,” అన్నాడు. నేను కవరు చెప్పినట్టే చేశాను. ఎనిమిదో రోజు కుట్లు విడిపోయి, చీము ఒళ్లంతా పాకి, ప్రాణం పోయింది. వాసన వద్దన్న అతని మాట నేనూ, మా టెక్నీషియనూ తప్ప ఎవరూ వినలేదు.

వడ్రంగి పరిశోధనకి ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టి, గొంతు తగ్గించాడు. “ఆ వాసన వద్దని చెప్పమన్నాడమ్మా.”

“ఎవరు?”

“పక్క మంచం ఆయన.”

పక్క మంచం మీద పరుపు మడిచి ఉంది. వారం నుంచీ ఖాళీ.

“పొద్దుట్నుంచీ ఇదే పాట,” అంది భార్య. “ఎవరూ లేరు మొర్రో అంటే వినడు.”

తాగుడు ఉన్నట్టుండి ఆపితే లేనివాళ్లు కనిపిస్తారు. అది నాకు తెలుసు. కానీ అచ్చం ఆ మాటే ఎలా వచ్చింది? టెక్నీషియన్ మీదే అనుమానం పడింది.

మర్నాడు పొద్దున థియేటరులో కవరు చింపాను. నరం మందు. హమ్మయ్య అనుకునేలోపే వేలికి జిగురు అంటింది. కవరు అంచు తడిగా ఉంది.

“మీరు విప్పారా?”

“నేనెందుకు విప్పుతాను మేడమ్?” అన్నాడు టెక్నీషియన్. నా మొహం చూడలేదు.

వడ్రంగి నిద్రలోకి జారాడు. గొంతులోకి గొట్టం దించాను. నిమిషానికి పన్నెండు ఊపిరులు, మెషీన్ ఇస్తోంది. సర్జన్ కోత మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలు బాగానే గడిచింది.

అప్పుడు తియ్యటి వాసన వచ్చింది. గ్యాసుది.

తెర మీద గ్యాసు అంకె సున్నా ఉండాలి. పాయింట్ నాలుగు ఉంది. గ్యాసు సీసా మూత బిగించే ఉంది.

“తీసేయండి దాన్ని,” అన్నాను మెల్లగా.

టెక్నీషియన్ సీసాని మెషీన్ నుంచి ఊడదీసి బల్ల మీద పెట్టాడు.

పాయింట్ తొమ్మిది... ఒకటి పాయింట్ మూడు...

“మీరే కదా?” గుసగుసగా అడిగాను.

“నేను కాదు మేడమ్... ఊపిరి గీత చూడండి.” తెర వైపు వేలు చూపించాడు.

చూశాను. ఊపిరికో గుట్ట గీసుకుపోయే గీత అది. ఇప్పుడు రెండు గుట్టల మధ్య ఇంకో చిన్న గుట్ట. పన్నెండు కాదు, ఇరవై నాలుగు. వడ్రంగి ఛాతీ మాత్రం పన్నెండుసార్లే లేస్తోంది.

వంగి గొట్టానికి చెవి ఆనించాను. మెషీన్ తోసే గాలి... ఆగింది. ఆ ఖాళీలో ఎవరో పీల్చారు. తడిగా... ఆబగా...

“ఏమైనా ఇబ్బందా?” సర్జన్ తలెత్తాడు.

“లేదు... కానివ్వండి.”

గొట్టం దగ్గరే పెదవులు పెట్టి అన్నాను, “ఈసారి సూదే ఇచ్చాను. మీరడిగిందే.”

అంకె దిగింది. ఒకటి... పాయింట్ రెండు... సున్నా. చిన్న గుట్టలు పోయాయి. వెళ్లిపోయాడనుకున్నాను.

కోత ముచ్చటగా మానుతూ వచ్చింది. మూడో రోజు సాయంత్రం వార్డు గుమ్మంలో ఉండగా ల్యాబు డాక్టరమ్మ ఫోను చేసింది. లోపల వడ్రంగి దిండుకి ఆనుకుని భార్యతో కబుర్లు చెబుతున్నాడు.

“తెల్లకణాలు దిట్టంగా ఉన్నాయి, తాగేవాడి రక్తమంటే నమ్మలేం,” అందామె. “కానీ ఇందులో ఇద్దరి రక్తం ఉంది. ఎవరిదైనా ఎక్కించారా?”

“ఒక్క చుక్క కూడా ఎక్కించలేదు.”

“సీసాలు మారాయేమోనని మూడు రోజులవీ మళ్లీ చూశాను. మొదటి రోజు రెండోవాళ్ల కణాలు ఏవో నాలుగైదు. నిన్న సగం.”

“ఇవాళ?”

ఫోనులో కాగితం తిరగేసిన చప్పుడు.

“ఇవాళ వెతుక్కోవాల్సొచ్చింది మీ పేషంటు కణాల కోసమే.”