కారుకొండ రాజు తలనూనె

ఏడు గుట్టల అవతల కారుకొండ అనే రాజ్యం ఉండేది. అక్కడ వానలకు కొదవ లేదు, పంటలకు కొదవ లేదు. కొదవల్లా తల దువ్వేవాళ్ళ వేళ్ళకే. అదెట్లాగో చెబుతాను, గుండె కాస్త గట్టి చేసుకుని వినండి.

ఆ రాజ్యాన్ని దుర్జయుడు ఏలేవాడు. వాళ్ళ వంశంలో ఒక ఆచారం ఉంది. పట్టాభిషేకం నాడు రాజు తల మీద పోసిన నూనెను ఇక ఎన్నడూ కడగకూడదు. ఆ నూనె ఎవరి తల మీద ఉంటే వాళ్ళే రాజు, కడిగితే రాజ్యం దాంతోపాటే పోతుందని నమ్మకం. పాతరాజులు పండు ముసలితనంలో గద్దె ఎక్కి, ఏడాదో రెండేళ్ళో ఏలి వెళ్ళిపోయేవారు. వాళ్ళకు ఆ ఆచారం బరువు తెలియలేదు. దుర్జయుడు ఇరవై ఏళ్ళకే గద్దె ఎక్కాడు. ఆరేళ్ళుగా తలకు నీళ్ళు తగల్లేదు. పైన కిరీటం, కింద చెమట, మధ్యన ఆరేళ్ళ నూనె. ఇంకేముంది, మాడు మీద తెల్లగా పొట్టు లేచి, నల్లపట్టు శాలువా మీద బొంబాయి రవ్వ చల్లినట్టు రాలేది. మనమైతే దాన్ని చుండ్రు అంటాం. ఆ కోటలో ఆ మాట అన్నవాడి నోట్లో నాలుక మిగిలేది కాదు.

తల ఎండిపోయి పొట్టు లేస్తోందని రాజగురువు చెప్పాడు. రాజు రోజూ ఇంకాస్త నూనె పోయించుకున్నాడు. జిడ్డు మీద జిడ్డు, దురద మీద దురద. దురద పెరిగేకొద్దీ మనిషి కసాయి అయిపోయాడు.

ప్రతి సోమవారం ఆ తల దువ్వే పని ఆస్థాన క్షురకుడు ఓబులేసుది. శాలువా మీద పొట్టు రాలితే తప్పు తలది కాదు, దువ్విన చేతిదని రాజు తీర్పు చెప్పాడు. తల కడిగితే తగ్గుతుందని మొదటి సోమవారమే ఓబులేసు మనవి చేసుకున్నాడు. అందుకు ఎడమచేతి చిటికెన వేలు తెగ్గొట్టించాడు రాజు. ఆ తర్వాత నోరు మూసుకున్నా వేళ్ళు పోతూనే వచ్చాయి. ఐదో సోమవారానికి ఎడమచెయ్యి మొండిగా మిగిలింది. ఒంటిచేత్తో దువ్వేవాడు తనకెందుకని, మూడు వారాల్లో వాడి తల తీయమని రాజు ఆజ్ఞ వేశాడు.

ఓబులేసుకు ఒక్కతే కూతురు, పేరు సుంకి. పదమూడేళ్ళది, తల్లి లేని పిల్ల. అది ఏడవలేదు. నేరుగా కొలువుకు పోయి నిలబడింది. అప్పటికే రాజగురువు కొత్త మాట ఎత్తి ఉన్నాడు. మూడో అడవిలో బూదిజడ అనే రాక్షసి ఉందట, అదే రాజు తల మీద మంత్రపు బూడిద చల్లుతోందట, దాని ఎముక దువ్వెన తెచ్చి విరిస్తే మంత్రం పోతుందట. పోయిన వీరులెవరూ తిరిగి రాలేదు. తాను తెస్తానంది సుంకి, అందుకు బదులుగా తండ్రి ప్రాణం అడిగింది. రాజు పొట్ట పట్టుకుని నవ్వి, సరే పొమ్మన్నాడు.

బయలుదేరేటప్పుడు ఓబులేసు తన అడపాన్ని, అంటే కత్తీ దువ్వెనా పెట్టుకునే తోలుసంచిని, సర్ది ఇచ్చాడు. మెంతులు, కుంకుడుకాయలు, కొబ్బరినూనె బుడ్డి, నిమ్మకాయలు అందులో వేశాడు. ఒక చేత్తోనూ పళ్ళతోనూ దాని తాడు ముడి వేశాడు.

"ఆ రాక్షసికీ ఈ తలకీ ఏం సంబంధం లేదు మే. అది కడగని తల, అంతే."

"ఆ మాట చెప్పే కదా నాయనా నీ వేలు పోయింది. మన మాట వాళ్ళ చెవికెక్కదు. దువ్వెన తెస్తే ఎక్కుతుందేమో చూస్తా."

మొదటి అడవిలో దారి పొడుగునా పుట్టలు. ఒక్కో పుట్టకూ మనిషి కళ్ళున్నాయి, నోరుంది. వాటి నడుమ ఒక జటాముని కూర్చుని, అట్టలు కట్టిన జడల్లో వేళ్ళు దూర్చుకుని మూలుగుతున్నాడు. వచ్చినవాళ్ళను తల గోకమనేవాడు. గోళ్ళతో గోకితే ఆ పూటకు హాయి, మర్నాటికి పుండు. పుండు సలపగానే గోకినవాణ్ణి పుట్టగా మార్చేసేవాడు.

సుంకి గోకలేదు. మెంతులు నానబెట్టి, పొద్దుటిదాకా ఓర్చుకోమంది. ఓర్చుకునేవాడినైతే ఇన్ని పుట్టలెందుకు లేస్తాయని ముని కసిరాడు. అయినా అది ఆయన జడలతోనే ఆయన చేతులు రెండూ కట్టేసి పక్కన కూర్చుంది. తెల్లారాక మెంతులు మెత్తగా రుబ్బి, గొల్లవాళ్ళు ఇచ్చిన పుల్లపెరుగు కలిపి, వేలి కొసలతో మాడుకు పట్టించింది. ఒక గడియ ఆగి వాగునీళ్ళతో కడిగింది. ఇట్లా మూడు రోజులు చేసేసరికి మునికి పదేళ్ళ తర్వాత కునుకు పట్టింది. లేచి ఒకే ఒక వరం కోరుకోమన్నాడు.

అప్పుడు పుట్టలన్నీ నోళ్ళు తెరిచాయి. తమను విడిపించమని అడగమన్నాయి. ఒక పుట్ట లోపలి నుంచి ఆడమనిషి గొంతు వచ్చింది. "నాకు చంటిబిడ్డ ఉంది తల్లీ, వాడికి పాలు..."

సుంకికి నాయన మెడ కనిపించింది. మునిని చూసి, "బూదిజడ గుహకు దారి చెప్పు తాతా," అంది.

ముని దారి చెప్పాడు. పుట్టలు మొదట ఏడ్చాయి, తర్వాత తిట్టాయి. అది చెవులు మూసుకుని పరుగెత్తింది. ఆ పని తప్పని మీరంటే నేను కాదనను.

రెండో అడవిలో వంతెన మీద ఒక ఎలుగుబంటి. వెంట్రుకలూడిపోయి, ఒళ్ళంతా పగిలి, తెల్లపొట్టు లేచి ఉంది. వచ్చినవాళ్ళ తోలు వలిచి తాను కప్పుకోవాలని దాని ఆశ. వలిచిన తోళ్ళు వంతెన కమ్మీల మీద ఆరేసి ఉన్నాయి. సుంకి కళ్ళు మాత్రం ఏటి ఒడ్డున ఉన్న చౌడుమట్టి గుట్టను చూశాయి. అది చాకిరేవులో మురికిబట్టలకు వేసే ఘాటుమట్టి.

"దీంతో రోజూ తోముకుంటావా మామా?"

"రోజుకు మూడుసార్లు. పొట్టు పోవద్దా?"

"ఆ చౌడుకు బండ కూడా పొట్టు లేస్తుంది. నీది మురికి కాదు మామా, తోమి తోమి తోలు ఎండగొట్టుకున్నావు."

గోరువెచ్చని కొబ్బరినూనె రాసి, చౌడు మానేసి వారానికి రెండుసార్లు కుంకుడురసంతో కడుక్కోమంది. తగ్గకపోతే ఏం చేస్తావని ఎలుగు అడిగింది. తిరిగి వచ్చేది ఈ దారినే, అప్పుడు నా తోలు తీసుకో అంది సుంకి. ఆ బేరం నచ్చి ఎలుగు దాన్ని వీపు మీద ఎక్కించుకుని మూడో అడవిలో దించింది.

బూదిజడ గుహ నిండా పుర్రెలు. రాక్షసి వాటి మధ్య కూర్చుని ఎముక దువ్వెనతో తల బరుక్కుంటోంది. దువ్విన చోటల్లా నెత్తురు, నెత్తుటి మీద తెల్లపొట్టు. సుంకిని జుట్టు పట్టుకుని పైకెత్తి ఎందుకొచ్చావని అడిగింది. రాజు తల సంగతి చెప్పింది సుంకి.

"మీ రాజు తల నాకెందుకే? నా తలే నేను మోయలేక చస్తాండా. ఈ పుర్రెలన్నీ నా జడను చూసి నవ్వినోళ్ళవి."

తల బాగుచేస్తానంది సుంకి. సరే చెయ్యి, అయ్యాక తింటానంది రాక్షసి. సుంకి వేపాకు కాచి చల్లార్చిన నీళ్ళతో పుండ్లు కడిగింది. ఎన్నాళ్ళకో దొరికిన చల్లదనానికి రాక్షసి కళ్ళు మూసుకుని, చంటిపిల్లలా మెడ వాల్చింది. ఒక్క మెతుకంత మంచిమాట కూడా అంది, నీ చెయ్యి మెత్తనిదని.

నిమ్మరసం నీళ్ళు కలిపి వాడాలని, అదీ పుండు లేని తలకేనని, పుండు మీద ఎన్నడూ పిండగూడదని ఓబులేసు నేర్పాడు. సుంకికి ఆ మాట బాగా గుర్తుంది. గుర్తుండే మూడు నిమ్మకాయలు కోసి, ఆ పచ్చిపుండ్ల మీద కసిగా పిండింది.

రాక్షసి అరుపుకు గుహ పెచ్చులూడింది. తల గోడకు బాదుకుంటూ, కళ్ళు కనబడక పుర్రెల మీద దొర్లింది. చేతిలోంచి జారిన దువ్వెనను సుంకి ఏరుకుని పరుగు తీసింది. "నీకేం చేశానే, నీకేం చేశానే," అని ఏడుపు వెనకాల వినిపిస్తూనే ఉంది. సుంకి వెనక్కి తిరిగి చూడలేదు. వంతెన దగ్గర ఎలుగుకు నూగునూగుగా వెంట్రుకలు మొలుస్తున్నాయి, అది దారి ఇచ్చింది.

సుంకి కోటకు చేరేసరికి గడువు సోమవారం రానే వచ్చింది. ఓబులేసును మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. సుంకి దువ్వెన తీసి అందరి ముందూ విరిచింది. రాజు తల విదిలించాడు. పొట్టు రాలింది. పిల్ల దొంగదువ్వెన తెచ్చిందన్నాడు గురువు.

"దువ్వెన విరిగితే మంత్రం చస్తుందంట. చచ్చిన మంత్రం తల మీదనే ఉంటుందంట. మూడు సోమవారాలు కడిగితే గానీ పోదని రాక్షసి చెప్పింది," అంది సుంకి.

అంతా పచ్చి అబద్ధం. క్షురకుడు చెప్పిన నిజానికి వేలు తెగింది. అదే మాట రాక్షసి పేరు పెట్టి చెబితే రాజు తలూపాడు. అయితే నూనె మాత్రం చుక్క నేల మీద పడగూడదని, రాగిబిందెలోకి పట్టి ఉంచమని కట్టడి చేశాడు. రాజ్యం బిందెలో ఉన్నా తనదేనని ఆయన లెక్క.

సుంకి వేపాకు వేసి కాచిన కొబ్బరినూనె కొంచెం రాసి ముందు అట్టలు మెత్తబరిచింది. ఆరేళ్ళ జిడ్డు బిందెలోకి దిగింది, పచ్చగా, బంకగా, పొట్టుతో కలిసి. మంత్రులు ముక్కులు మూసుకున్నారు. తర్వాత మెంతుల ముద్దా పెరుగూ పట్టించి ఒక గడియ ఉంచింది. గింజలు తీసిన కుంకుళ్ళు వేణ్ణీళ్ళలో పిసికి, వడకట్టి, ఆ నురగతో రుద్దింది. నురగ కళ్ళల్లో పడి రాజు ఆంబోతులా రంకెలేశాడు. మంచినీళ్ళతో జారుడు పోయేదాకా కడిగి, జుట్టు ఎండలో ఆరేదాకా కిరీటం పెట్టనివ్వలేదు.

చుండ్రు ఒక్క పూటకు పోయేది కాదు. ఆ మొదటి సోమవారం సాయంత్రం దువ్వితే ఇంకా కాస్త రాలింది. ఎవరు దువ్వారని రాజు అడిగాడు. నేనేనని సుంకి చెయ్యి చాపింది. దాని ఎడమచేతి చిటికెన వేలు తెగి పళ్ళెంలో పడింది. ఓబులేసు తన మొండిచెయ్యి నోట్లో కుక్కుకుని అరుపు ఆపుకున్నాడు.

రెండో సోమవారం శాలువా మీద నాలుగు రవ్వలు రాలాయి. ఆ పూట రాజు ఒళ్ళు మరిచి నిద్రపోయాడు కాబట్టి పిల్ల బతికింది. మూడో సోమవారం శాలువా కాకిరెక్కలా నల్లగా మెరిసింది.

రాజు అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. మెచ్చి ఏమిస్తాడోనని జనం ఎదురుచూశారు. ఆయన తలారిని పిలిచాడు. "నా తలలో ఏముండేదో దగ్గర నుంచి చూసింది వీళ్ళిద్దరే. ముందు తండ్రి, తర్వాత పిల్ల."

ఓబులేసు మెడ వంచారు. కత్తి లేచింది. సుంకి గద్దె పక్కన ఉంచిన రాగిబిందెను రెండు చేతులా ఎత్తి తండ్రి తల మీద కుమ్మరించింది. మురుగు కంపు కొలువంతా కమ్మింది.

"పట్టాభిషేకపు నూనె ఇదే గదా," అంది సుంకి మెల్లగా. "రాజు తల మీద ఒక్క చుక్క లేదు, ఆయనే కడిగించుకున్నాడు. ఉన్నదంతా మా నాయన తల మీద ఉంది. మీ ఆచారం ప్రకారం రాజెవరో చూసుకుని కత్తి దించు తలారి మామా."

తలారి కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే గురువు వైపు చూశాడు. అందరూ గురువు వైపే చూశారు. ఆచారం అబద్ధమంటే ఇన్నాళ్ళూ తెగిన వేళ్ళకు తానే జవాబు చెప్పాలి. నిజమంటే ఎదురుగా ఉన్నది రాజు. గురువు ఓబులేసు ముందు సాగిలపడ్డాడు. ఆ వెంటనే తలారి, ఆ వెంట కొలువంతా. దుర్జయుడు ఒక్కడే నిలబడి ఉన్నాడు, శుభ్రమైన తలతో.

వాడి పది వేళ్ళూ తీయమని జనం కేకలేశారు. ఓబులేసు జిడ్డుకారుతున్న ముఖం తుడుచుకున్నాడు.

"వేళ్ళు ఉండనీ. వాటితో పనుంది. ఈయన్నీ గురువునూ బూదిజడ గుహకు తోలండి. పుండ్లు మానిందాకా వేపాకునీళ్ళు పోసి తల దువ్వుతారు."

"పొట్టు రాలితే?" అని దుర్జయుడు పీలగొంతుతో అడిగాడు.

"అది ఆయమ్మ ఇష్టం."

వాళ్ళను తోలుకుపోయాక ఓబులేసు గద్దె మెట్టు మీద కూర్చుని, తల కడగమని కూతురికి చెప్పాడు. రాజ్యం పోతుందని మంత్రులు లబోదిబోమన్నారు. దురద తన తలకు మొదలైంది కానీ మంత్రుల తలలకు కాదన్నాడు ఓబులేసు. కుంకుడునురగతో కలిసి ఆ నూనె మెట్ల మీదుగా జారి, ముంగిట్లో మట్టిలోకి ఇంకిపోయింది. జనం నేలను చూస్తూ నిలబడ్డారు. కోట కూలలేదు, భూమి పగల్లేదు. కాసేపటికి ఒక కోడి వచ్చి ఆ తడిలో కెలికింది.

ఓబులేసు తొమ్మిది రోజులు ఏలి గద్దెను కూతురికి అప్పగించాడు. సుంకి రాణిగా వేసిన మొదటి అడుగు జటాముని అడవికి. మెంతుల బస్తాతో పోయి బతిమాలి పుట్టలను విడిపించింది. అప్పటికే వానలకు సగం పుట్టలు కరిగిపోయాయి. మిగిలినవాళ్ళు మనుషులైన మరుక్షణమే ఇళ్ళకు పరుగెత్తారు, చంటిబిడ్డ తల్లి ఏ సగంలో ఉందో ఎవరూ చెప్పలేకపోయారు. అందుకే సుంకిరాణి ఎంత చల్లగా ఏలినా, కొలువులో పెద్దగా నవ్వగా చూసినవాళ్ళు లేరు.

సోమవారం పొద్దున్న మాత్రం తలారబెట్టుకుని తండ్రి ముందు కూర్చునేది. జడ అల్లడానికి ఆయనకు ఒక చెయ్యే ఉంది. రెండో చెయ్యిగా అది తన ఎడమచెయ్యి వెనక్కి చాపి ఇచ్చేది. ఆయనవి ఐదు వేళ్ళు, పిల్లవి నాలుగు. జడ కాస్త వంకరగానే వచ్చేది. కారుకొండలో ఆడపిల్లలందరూ అట్లాంటి వంకరజడే వేయించుకునేవారట.