క్యారియర్ లేని సైకిలు

కామాక్షమ్మ కళ్ళారా చూడలేదు. పాలు పోసే మనిషి చెప్పిందంట. ఆమె కూడా చూడలేదనీ, మైపాడు ఆటోలో ఎవరో అనుకుంటుంటే విన్నదనీ తర్వాత తేలింది. అయినా కుళాయి కింద ఒక బిందె నిండి రెండో బిందె పెట్టేలోపల మాట గట్టిపడిపోయింది. "ఆ ఫారెస్టు పిల్లని నెల్లూరు సైకిలబ్బాయి వెనకాల క్యారియర్ మీద కూర్చోబెట్టుకోని సరుగుడు తోపంతా తిప్పతా ఉండాడంట!"

మస్తానమ్మ నీళ్ళతో పాటు ఆ మాటను కూడా ఇంటికి మోసుకొచ్చింది. ఫారెస్టు పిల్ల ఉండేది ఆమె ఇంట్లోనే, ముందు గదిలో అద్దెకు.

వినీల పొద్దున ఐదున్నరకు తోపులోకి పోయి మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చింది. బూట్లు విప్పే ఓపిక లేక గడప మీదే గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"ఏమ్మే, ఊరంతా అనుకుంటా ఉండారు. నిజమేనా?"

"ఏంది పిన్నీ?"

"ఆ అబ్బాయి సైకిలెక్కి తిరగతా ఉండావంటనే."

వినీల కళ్ళు తెరవలేదు. "ఆ సైకిలుకి క్యారియరే లేదు పిన్నీ."

"అంటే ఉంటే ఎక్కేదానివా?"

ఇక్కడ కోపం తెచ్చుకోవాలని వినీలకు తెలుసు. కానీ కోపం రావాలన్నా ఒంట్లో కాస్త సత్తువ మిగిలి ఉండాలి కదా.

"అన్నం ఉందా పిన్నీ?" అంది.

వినీల ఆత్మకూరు వైపు వరి రైతుల పిల్ల. డిగ్రీ అయ్యాక ఫారెస్టు ఉద్యోగానికి రాసి, సెలక్షన్లో పదహారు కిలోమీటర్లు నడిచి గెలిచింది. నడక ఆ రోజుతో అయిపోయిందనుకుంది. అది ఇంకా అయిపోలేదు. సముద్రం ఒడ్డున పన్నెండు కిలోమీటర్ల సరుగుడు తోపుకి ఆమె ఒక్కతే బీట్ ఆఫీసరు. గాలినీ ఇసుకనీ ఆపడానికి సర్కారు పెంచిన తోపు అది. తుపాను వచ్చిందంటే ఊరికి అదే గోడ.

ఆ గోడలోకి అంతకు ముందు జూన్ నెలలో ఒక ఆదివారం పొద్దున గేర్ల సైకిళ్ళు ఆరు వచ్చాయి. చెయ్యంత మందం టైర్లు, తలకు హెల్మెట్లు, మోకాళ్ళకు తొడుగులు. బాటకు అడ్డంగా వినీల వేసిన ముళ్ళకంపను ముందున్నవాడు పక్కకు లాగుతున్నాడు.

"ఆ కంప వేసింది నేను," అంది వినీల చెట్ల వెనక నుంచి.

అతను ఉలిక్కిపడి చెయ్యి గీరుకున్నాడు. "ఎందుకు మేడమ్? ఇది పబ్లిక్ ఫారెస్ట్ కదా?"

"రైల్వే స్టేషన్ కూడా పబ్లిక్కే. పట్టాల మీద తొక్కతారా?"

వెనక ఉన్న ఐదుగురూ నవ్వారు. అతను నవ్వలేదు. ఆమె చెయ్యి చూపించిన వైపు, తన ముందు టైరు కిందకు చూశాడు. జానెడు సరుగుడు మొక్క ఇసుకలో పడుకుని ఉంది.

"బోరింగు కాడ నుంచి బిందెతో మూడు నెలలు నీళ్ళు మోసినాను దానికి," అంది వినీల. అరవలేదు. అరిచి ఉంటే అతనికి ఇంకాస్త తేలికగా ఉండేది.

సైకిలు ఎత్తి పక్కన పెట్టి హెల్మెట్ తీశాడు. కళ్ళు మిరపకాయల్లా ఉన్నాయి.

"నిద్రపోలేదా?"

"తడ కాడ కంపెనీలో షిఫ్టు మేడమ్. దిగి నేరుగా నెల్లూరు రైలెక్కినా."

"నిద్ర మానుకోని ఈ ఇసకలో తొక్కేదానికా?"

"వారమంతా మిషను నన్ను తొక్కతది. ఆదివారం ఒక్క పూట నేను తొక్కతా."

వినీలకు నవ్వొచ్చింది. దాన్ని పెదాల దాకా తెచ్చే ఓపిక లేక లోపలే ఉంచేసుకుంది. అతని పేరు మధుబాబు అని ఆ రోజే తెలిసింది. వంగిన మొక్కకు పుల్ల పాతి, మోకాలి తొడుగు పట్టీ ఊడదీసి కట్టు కట్టి మరీ పోయాడు.

రేంజ్ ఆఫీసరు హజరత్తయ్య రిటైర్ కావడానికి ఏడాది ఉంది. కొత్త తలనొప్పులు పెట్టుకోదల్చుకోలేదు.

"బాట మూస్తే కంపలు తీస్తారు. తెరిస్తే మొక్కలు తొక్కుతారు," అన్నాడు కళ్ళజోడు తుడుచుకుంటూ. "అందుకని ఒకే ఒక్క బాట ఇయ్యి. నాలుగు కిలోమీటర్లు. దాన్ని వాళ్ళ చేతే కాపలా కాయించు. తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలల్లో ఒడ్డు పక్కకి పోకూడదు. మార్చి దాకా చూద్దాం, బాగుంటే పైకి రాస్తా. వినీలా, నువ్వింకా ప్రొబేషన్లో ఉండావు. ఏదన్నా జరిగిందంటే నీ మెడకే."

ఆ ఒప్పందం బాగానే నడిచింది. మెత్తటి ఇసుక ఉన్నచోట సైకిళ్ళవాళ్ళు ఎండు కొమ్మలు పరిచారు. సీసాలు ఏరారు. మొక్కలకు నీళ్ళు పోశారు. పని కాగానే ఐదుగురు టిఫిను కోసం మైపాడు పోయేవాళ్ళు. ఆరోవాడికి మాత్రం ఆకలేసేది కాదు.

అక్టోబరులో ఒక ఆదివారం వాన పట్టుకుంది. సరుగుడు చెట్టు కింద నిలబడితే వాన ఆగదు. పేల దువ్వెనతో దువ్వినట్టు సన్నగా జారి మీద పడుతుంది. మధుబాబు హెల్మెట్ తీసి ఆమెకు ఇవ్వబోయాడు.

"మీ తల తడస్తది మేడమ్."

"నాది సర్కారు తల. తడిసినా ఏం కాదు."

"ఈ మేడమ్ అనేది ఎప్పుడు మానుకోమంటారు?"

"ప్రొబేషన్ అయినాక."

"మీ ప్రొబేషనా? నాదా?"

వినీల సముద్రం వైపు చూసింది. ఆ వానలో సముద్రం ఏమీ కనబడటంలేదు. అయినా చాలాసేపు చూసింది. వాన వెలిశాక ఇద్దరూ తడి బట్టలతో రోడ్డు దాకా నడిచారు, మధ్యలో సైకిలు. ఆటోలో పోయేవాళ్ళు చూసింది అదే. కుళాయి దగ్గరకు చేరేసరికి దానికి క్యారియర్ మొలిచింది.

డిసెంబరులో తుపాను వచ్చింది. ఊరు నిలబడింది గానీ తోపులో చాలా చెట్లు విరిగి, ఎండిపోయాయి. కొట్టేయాల్సిన ప్రతి చెట్టుకీ రొమ్ము ఎత్తున ఎర్ర రంగుతో వలయం వేయించాడు హజరత్తయ్య. ఫారెస్టు వాళ్ళ పద్ధతి అది. ఎర్ర వలయం ఉంటే గొడ్డలి పడాల్సిందే.

ఆ పద్ధతి మధుబాబుకు తెలియదు.

అతని బాధ వేరే. కొత్తగా చేరిన సైకిలు కుర్రాడొకడు బాట తప్పి పిల్లమొక్కల్లోకి పోయాడు. ఆ సాయంత్రం వినీల నడుం పట్టుకుని విరిగిన మొక్కలను ఒక్కొక్కటీ ఏరుతుంటే చూశాడు. మళ్ళీ ఇంకెవడూ దారి తప్పకూడదనుకున్నాడు. జనవరిలో ఒక శనివారం సెలవు పెట్టి, ఎర్ర రంగు డబ్బా కొనుక్కొచ్చి, బాట మలుపు తిరిగిన ప్రతిచోటా మంచి చెట్టు చూసి వలయం వేశాడు. దూరానికి కనబడాలి కదా అని రొమ్ము ఎత్తునే వేశాడు. చెయ్యి తిరిగినవాడిలా గుండ్రంగా వేశాడు. వినీల ఆ శని, ఆదివారాల్లో నెల్లూరులో ట్రైనింగులో ఉంది. వచ్చి చూసుకుని మురిసిపోతుందనుకున్నాడు.

సోమవారం పొద్దున, ఎండు చెట్లు కొట్టే పని ఒప్పుకున్న చిన్నపోలయ్య కూలీలతో దిగాడు. మధ్యాహ్నానికి వినీల వచ్చేసరికి, చీకటిగా ఉండాల్సిన బాటలో ఎండ పడుతోంది. పంతొమ్మిది పచ్చి చెట్లు నేల మీదున్నాయి.

"పచ్చి చెట్లు కదా పోలయ్యా! కంటికి కనబడలా?"

"ఎర్ర గుర్తుంటే కొట్టమన్నారమ్మా, కొట్టినాం. చెట్టునడిగి కొడతామా?"

బుధవారం మెమో వచ్చింది. గుర్తులు ఎవరు పెట్టారో, ఎలా పెట్టనిచ్చావో వారం లోపల రాసివ్వమని. వినీలకు అనుమానం ఉంది. ఫోను చేసి అడిగితే అది నిజమైపోతుందని అడగలేదు.

ఆదివారం మధుబాబు అందరికంటే ముందొచ్చాడు. "గుర్తులు చూసినారా మేడమ్? ఎట్టుండాయి?"

"చూసినా," అంది వినీల. "చిన్నపోలయ్య కూడా చూసినాడు."

అప్పుడు చూశాడు మొద్దుల్ని. ఒకటి, దాని వెనక ఇంకోటి, మలుపు తిరిగినా ఇంకోటి. కొట్టిన మానుల మీద తన ఎర్ర రంగు ఇంకా కొత్తగా మెరుస్తోంది. సైకిలు చేతిలోంచి జారి పడిపోయింది. వినీల ఒక మొద్దు మీద కూర్చుని మెమో కాగితం అతని చేతికిచ్చింది.

"తిట్టండి మేడమ్," అన్నాడు.

"ఓపిక లేదు. నువ్వే తిట్టుకో."

ఆమె మొదటిసారి నువ్వు అంది. అలాంటి చోట అంది.

"నేనే వేసినానని రాయండి."

"రాస్తే నీమీద కేసు. సర్కారు చెట్టుకి గుర్తు పెట్టడం నేరం. కంపెనీకి తెలిస్తే నీ పని పోతది. రాయకపోతే నా పని పోతది. ఎట్టయినా ఇద్దర్లో ఒకరికి నిద్ర దొరకతదిలే. నువ్వే పో, పడుకో."

"మీరు పోగొట్టుకుంటే వచ్చే నిద్ర నాకొద్దు," అని సైకిలెత్తుకుని పోయాడు.

మరుసటి రోజు షిఫ్టు మానుకుని రేంజ్ ఆఫీసులో కూర్చున్నాడు. పేజీన్నర రాశాడు. రంగు ఎక్కడ కొన్నదీ, ఎన్ని చెట్లకు వేసిందీ, ఎందుకు వేసిందీ. వినీలకు తెలియదని రెండు చోట్ల రాసి కింద గీత గీశాడు.

హజరత్తయ్య రెండుసార్లు చదివాడు. "సంతకం పెడితే మళ్ళీ చెరుపుకోలేవబ్బయ్యా."

"రంగే చెరుపుకోలేకపోయినా కదా సార్."

పెద్దాయన కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నాడు. పై ఆఫీసుకు రెండుసార్లు తిరిగి ఒక దారి తెచ్చాడు. ఒక చెట్టుకు పది మొక్కలు. నూటతొంభై మొక్కలు నాటాలి, మూడేళ్ళు బతికించాలి. అవి మోకాలెత్తు పెరిగేదాకా సైకిళ్ళ బాట మూత. కేసు లేదు. వినీలకు ఒక హెచ్చరికతో సరి.

నాటిన రోజు కొత్తవాడితో కలిపి ఏడుగురూ వచ్చారు. మరుసటి ఆదివారం నలుగురు. మార్చి ఎండలు ముదిరేసరికి మధుబాబు ఒక్కడే మిగిలాడు. తొక్కడానికి బాట లేకపోతే ఇసుకలో ఎవరికి పని?

బోరింగు నుంచి మొక్కల దాకా నీళ్ళ డబ్బాలు మొయ్యడానికి సైకిలుకు క్యారియర్ బిగించుకున్నాడు. "ఇంత మంచి గేర్ల సైకిలుకి పాలవాడి క్యారియరా అన్నా?" అని నెల్లూరు మెకానిక్ తెగ నవ్వాడంట. ఆ సంగతి చెప్పినప్పుడు వినీల నవ్వింది. జూన్ నుంచి లోపల దాచుకున్నదంతా కలిపి నవ్వింది.

మేలో ఒక ఆదివారం, చివరి డబ్బా వంపేసరికి పదకొండయింది. ఇసుక పెనంలా కాలుతోంది. ఇద్దరూ ఉన్న కాస్త నీడలో కూలబడ్డారు.

"ఎన్ని?" అన్నాడు.

"నూటడెబ్భైనాలుగు బతికుండాయి."

"మేడమ్, నా షిఫ్టు మళ్ళీ రాత్రికి మార్చినారు. అయినా వస్తాలే."

"మూడేళ్ళయినాక ఏం చేస్తావు?"

"ఇంకో తప్పు చేస్తా. ఇంకో మూడేళ్ళు వేస్తారు కదా."

వినీల చేతికంటిన తడి ఇసుకను నెమ్మదిగా దులుపుకుంది. "తప్పు చేయకుండా కూడా రావచ్చు," అంది. "ఇంక మేడమ్ అనబాక."

అంత అలసటలోనూ అతని ముఖం వానలో తడిసిన ఆకులా అయింది.

ఊరికి పోదామంటే ఆమె తెచ్చుకున్న మోపెడ్ స్టార్టు కాలేదు. పది సార్లు తన్నింది, అతను పది సార్లు తన్నాడు. ఊరు మూడు కిలోమీటర్లు. మధుబాబు డబ్బాలు విప్పి మోపెడ్ పక్కన పెట్టాడు. ఖాళీ క్యారియర్ వైపు చూశాడు.

"ఊరు చూస్తది," అంది వినీల.

"ఊరు నిరుడే చూసేసింది కదా."

నడిచే శక్తి ఉంటే ఆలోచించేదేమో. ఎక్కి కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా అతని చొక్కా పట్టుకుంది. గతుకు దాటినా వదల్లేదు.

కుళాయి దగ్గర బిందెలు వరసలో ఉన్నాయి. సైకిలు ఆగగానే కామాక్షమ్మ ముఖం పండగయింది.

"చూడండ్రా! చెప్పినానా, క్యారియర్ మీదేనని! నేనేమన్నా కల్పించి చెప్పినానా?" అని, మధుబాబు వైపు తిరిగి, "అయితే అబ్బయ్యా, పెళ్ళెప్పుడు మరి?" అంది.

మధుబాబు నోరు తెరిచాడు. మస్తానమ్మ బిందె దించి చెవి పెట్టింది. వినీల నడుం పట్టుకుని నెమ్మదిగా క్యారియర్ దిగింది.

"నూటడెబ్భైనాలుగు మొక్కలుండాయి అక్కా, అవి నిలదొక్కుకున్నాక. నీకంత తొందరగా ఉంటే రేపు ఐదున్నరకి బిందెత్తుకోని తోపుకి రా."