నాలుగో అంతస్తు, కింది లెక్కలో

జియాలింగ్ ఏటి ఒడ్డున, కొండకు వీపు ఆనించి నిలబడ్డ ఆ పాత మేడ పేరెత్తితే చోంగ్‌చింగ్ ఊళ్లో బరువులు మోసే కావడి మనుషులు బేరం వదిలేసి సిగరెట్ వెలిగించుకుంటారు. ఎంతిస్తామన్నా కదలరు. అందులోనూ చీకటి పడ్డాక... ఏటి మీది మంచు పైకి పాకి మెట్లలోకి దూరాక... ఆ నాలుగో అంతస్తు వైపు కన్నెత్తి చూడరు.

అక్కడ ఒకటి ఉందిట. మీద పడదు, పీక నులమదు. ఊరికే ఒక ప్రశ్న అడుగుతుంది.

"ఇది... ఎన్నో అంతస్తు?"

అంతే. జవాబు తప్పు చెప్పినవాడు మాత్రం తెల్లారేదాకా ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండాల్సిందేనట.

నాలుగు అని చెప్పేసి పోతే సరి కదా అని పొరుగూరివాళ్లు అంటారు. వాళ్లకేం తెలుసు, పాపం. ఆ మేడకు కింద ఏటి వీధిలో ఒక గుమ్మం, కొండ మీద బజారు వీధిలో ఇంకో గుమ్మం. ఏటి వీధివాళ్లు తమ గడప దగ్గర ఒకటి అని మొదలుపెట్టి పైకి లెక్కపెడతారు. పై వీధి గుమ్మం ఆ లెక్కలో ఏడో అంతస్తు. ఆ మాట పై వీధివాళ్ల ముందు అని చూడండి. "మా గడప దాటితే రోడ్డు. రోడ్డు మీదున్నది ఒకటో అంతస్తు కాక ఏడోది ఎట్లా అవుతుంది?" అని మీదికి వస్తారు. వాళ్ల లెక్కలో ఆ నాలుగోది మైనస్ మూడు. ముప్ఫై ఏళ్లుగా తెగని తగువు ఇది. వీధి కమిటీవాళ్లు గోడ మీద అంకె రాయించిన ప్రతిసారీ రెండు రోజుల్లో ఎవరో ఒకరు గీకేశారు. ఇక దెయ్యానికి ఏది ఒప్పు, ఏది తప్పు?

మిగతావాళ్లు భయంతో అటు పోరు. కావడి మోసే తాన్ పోకపోవడానికి కారణం వేరు. ఆ దెయ్యం అతని స్నేహితుడు.

తాన్, పాంగ్ ఇరవై ఏళ్లు ఒకే వెదురు బొంగు కింద భుజం పెట్టినవాళ్లు. బరువు మధ్యలో వేలాడుతుంది, తాన్ ముందు, పాంగ్ వెనక. వెనకవాడికి బరువు అడ్డం, మెట్టు కనపడదు. అందుకని ముందువాడు దారి చెబుతాడు, విన్నట్టు వెనకవాడు బదులు పలుకుతాడు. "మెట్టు అరిగింది" అంటే "అడుగు తెలిసింది" అనాలి. "ముందర మలుపు" అంటే "విన్నాం పిలుపు" అనాలి. రేవులో అందరూ అట్లాగే అంటారు. పాంగ్ ఒక్కడే ఏనాడూ అట్లా అనలేదు. "మెట్టు అరిగింది" అంటే "అత్త అలిగింది" అనేవాడు. "ముందర మలుపు" అంటే "అత్తింటి తలుపు" అనేవాడు. పెళ్లే కాని పాంగ్‌కు అత్త ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. తాన్‌ను "బావా" అని పిలిచేవాడు. ఆ చుట్టరికమూ అంతే.

మూడేళ్ల కిందట గౌ అవ్వ పై బజారులో ఊరగాయ జాడీ ఒకటి కొని, ఇంటికి చేర్చమని తాన్‌కు చెప్పింది. జాడీ అంటే నడుమెత్తు ఉంటుంది. తాన్‌కు ఆ పూట మాజాంగ్ పలకల ఆట మీద మనసు పడింది. "ఒరే పాంగూ, నువ్వు పోయిరా. ఒకటో అంతస్తే. మెట్ల పనే లేదు" అన్నాడు.

పాంగ్ జాడీని ఒక్కడే వీపుకు కట్టుకుని పై గుమ్మంలో దూరాడు. ఒకటో అంతస్తు ఇదేనా అంటే ఇదే అన్నారు. గౌ అవ్వ ఇల్లేదంటే, ఇక్కడ కాదు, కింది ఒకటో అంతస్తు అన్నారు. దిగాడు. అవ్వ ఇంట్లో లేదు, తలుపు తాళం వేసుంది. తనే పొరపాటు పడ్డాననుకుని మళ్లీ పైకెక్కాడు. మళ్లీ పొమ్మన్నారు. దిగుతూ దిగుతూ నాలుగో అంతస్తులో జాడీ దించి, దాని పక్కనే కూర్చుని, ఎవరో పోతుంటే "ఇది ఎన్నో అంతస్తు?" అని అడిగాడట. ఆ పోయేవాడు చెప్పేలోపు పాంగ్ గుండె ఆగిపోయింది.

జాడీ అక్కడే ఉండిపోయింది. తాన్ మళ్లీ మాజాంగ్ పలక ముట్టలేదు.

చలికాలం ఒక సాయంత్రం. రేవు మెట్ల దగ్గర కావడివాళ్లు వేణ్ణీళ్లు తాగుతూ కూర్చున్నారు. గౌ అవ్వ కర్ర పోటేసుకుంటూ వచ్చింది.

"కావడీ!" అని పిలిచింది. అందరూ కప్పుల్లోకి చూసుకున్నారు. "ఏం, చెవుల్లో దూది పెట్టుకున్నారా? తాన్, నిన్నే. నా జాడీ దింపాలి."

"అది అక్కడే ఉండనీ అవ్వా," అన్నాడు తాన్ తలెత్తకుండా. "కొత్తది కొనుక్కోరాదూ?"

"మూడేళ్లు కొత్తవాటితోనే వేగాను. ప్రతిదాంట్లోనూ ఊరేసిన ఆవాకు బూజు పట్టింది. దెయ్యం ఉందని ఆవాకు ఆగుతుందా?" అవ్వ అతని దగ్గరకు వంగి గొంతు తగ్గించింది. "వాడు మోసిన బరువు సగం దారిలో ఉండిపోతే వాడు మాత్రం ఎక్కడికి పోతాడురా? నువ్వు అప్పజెప్పిన పనేగా అది."

తాన్ వేణ్ణీళ్ల కప్పు కింద పెట్టేశాడు. బొంగు, తాడు తీసుకున్నాడు. అరవై మూడేళ్లు, రెండు మోకాళ్లూ అంతంతమాత్రం. సాయానికి ఒక మనిషి రండయ్యా అంటే ఒక్కడూ లేవలేదు.

కింది గుమ్మం. ఒకటి... రెండు... కాలు నేలకేసి గట్టిగా కొడితే వెలిగే దీపాలు రెండో అంతస్తు దాకానే పనిచేశాయి. ఆ పైన ఎంత తొక్కినా చీకటే. మంచు మెట్ల మీద కూర్చుని ఉంది. దూరంగా ఏట్లో ఓడ ఒకటి మూలిగింది.

మూడు... నాలుగు.

జాడీ ఉంది. చేత్తో తడిమాడు. లోపల ఎవరిదో విరిగిన గొడుగు. పైన రెండు కాగితాలు అంటించి ఉన్నాయి. అగ్గిపుల్ల వెలుగులో చదివాడు. ఒకటి, 'ఇది కింది వీధివాళ్ల చెత్త, వెంటనే తీయాలి.' రెండోది, 'ఇది పై వీధివాళ్ల చెత్త, వెంటనే తీయాలి.' అగ్గిపుల్ల ఆరిపోయింది.

అప్పుడు... అతని చెవి పక్కన...

"ఇది... ఎన్నో అంతస్తు?"

తాన్ గోడకు అతుక్కుపోయాడు. దారి పొడుగునా మనసులో కూర్చుకున్న జవాబు ఎట్లాగో బయటికొచ్చింది.

"నాలుగు. కింది లెక్కలో. పై లెక్కలో మైనస్ మూడు. నాకు రెండూ ఒకటే. తప్పు నాదేరా పాంగూ..."

గొంతు మెల్లగా అంది, "పాంగ్ ఎవరండీ? నాకిచ్చిన చిరునామాలో పేరు షె."

ఫోన్ వెలుగు ఒకటి పడింది. నలభై ఏళ్ల మనిషి, నెత్తిన హెల్మెట్, చేతిలో నూడుల్స్ పొట్లం. ఇళ్లకు భోజనాలు తెచ్చిచ్చే మనిషి. వాడు తాన్ కంటే ఎక్కువ వణుకుతున్నాడు.

"మామా, నువ్వు మనిషివేగా?" అన్నాడు. "ఈ ఫోను 'మీరు చేరుకున్నారు' అంటుంది. ముప్పావుగంట నించి చేరుకుంటూనే ఉన్నాను. వాళ్లేమో ఒకటో అంతస్తు అంటారు. నేను రోడ్డు మీంచి నేరుగా ఈ తలుపులోకి వచ్చా. అంటే ఇదే ఒకటి కదా?"

నిజమే, నాలుగో అంతస్తు పక్కన, కొండ నడుమ పోయే బస్సుల రోడ్డు మీదికి ఎవరూ లెక్కలోకి తీసుకోని ఒక ఇరుకు తలుపు ఉంది.

"నాయనా, నువ్వింకో లెక్క మొదలెట్టకు," అన్నాడు తాన్. భయం పోయి నీరసం వచ్చింది. "ఏ ఊరు నీది?"

"హెనాన్ వైపు, మైదానం. నా పేరు జియావ్. మా ఊళ్లో నేల ఒకటే ఉంటుంది మామా."

షె వాళ్ల ఇల్లు నేను చూపిస్తా, ఈ జాడీకి ఒక చివర పట్టు అన్నాడు తాన్. జియావ్ ఒప్పుకున్నాడు. తాళ్లు బిగించి బొంగు దూర్చాడు తాన్. దారి చెప్పడం, బదులు పలకడం అంతా నేర్పాడు.

"బదులు చెప్పకపోతే?" అన్నాడు జియావ్.

"పడతాం."

తాన్ ముందుకెళ్లి, వీపు తిప్పి, బొంగు కింద భుజం పెట్టి కూర్చున్నాడు. వెనక ఫోన్ మోగింది. "ఆఁ... వచ్చేస్తున్నానండీ... ఆఁ, ఒకటో అంతస్తే..." తర్వాత తలుపు కిర్రుమంది.

"పట్టావా?" అన్నాడు తాన్.

వెనక బొంగు లేచింది.

బరువు సరిగ్గా మధ్యలో నిలిచింది. జాడీ ఊగలేదు. ఫరవాలేదే, మైదానం మనిషైనా భుజం తెలిసినవాడు అనుకున్నాడు తాన్. "ముందర తడి" అన్నాడు. వెనక ఏదో గొణిగినట్టు వినపడింది. నేర్చుకుంటాడులే అనుకున్నాడు.

మూడో అంతస్తు. వెనక అడుగు తన అడుగులోనే పడుతోంది... ఒక్కొక్క మెట్టూ... ఒకే చప్పుడు. చీకట్లో ముఖం కనపడని మనిషితో మాట్లాడటం తేలిక. తాన్ నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఈ జాడీ నేను మోయాల్సింది. ఆట కోసం ఇంకొకడి వీపుకెక్కించాను. మెట్ల పనే లేదని అబద్ధమాడాను. వాడు నన్ను నమ్మి దిగాడు, ఎక్కాడు, మళ్లీ దిగాడు. మూడేళ్లయింది, నాకు సరిగా నిద్ర లేదు. క్షమించమని అడుగుదామంటే వాడు లేడు."

"ఊఁ," అంది వెనక గొంతు.

రెండో అంతస్తు. అక్కడ మధ్యలో అరిగిపోయిన మెట్టు ఒకటుంది.

"మెట్టు అరిగింది," అన్నాడు తాన్.

"అత్త అలిగింది."

తాన్ తిరిగి చూడలేదు. బరువు భుజం మీదుండగా ముందువాడు తిరగకూడదు, తిరిగితే జాడీ పోతుంది, వెనకవాడు పోతాడు. ఇంకో ఆరు మెట్లు దిగి అన్నాడు.

"ముందర... మలుపు."

"అత్తింటి తలుపు. నీళ్లున్నాయి, నీ మోకాలు జాగ్రత్త బావా."

తాన్‌కు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కళ్లు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. అట్లాగే ముక్కు ఎగబీలుస్తూ ఒకటో అంతస్తుకు దిగాడు.

గౌ అవ్వ తలుపు తీసి దీపం పట్టుకుంది. జాడీ నేలను తాకింది, చప్పుడైనా కాలేదు. చూపు సరిగా ఆనని అవ్వ తాన్ భుజం మీదుగా చూసి, "ఇద్దరూ కూర్చోండి, వేడివేడి జావ పోస్తా" అని లోపలికెళ్లింది.

తాన్ అప్పుడు తిరిగాడు. బొంగు రెండో చివర నేల మీద ఉంది. ఎవరూ లేరు.

ఏటి వీధి వైపు గుమ్మంలోంచి రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు జియావ్.

"మామా, నన్నొదిలేసి వచ్చేశావేం? సిగ్నల్ లేదని రోడ్డు మీదికెళ్లి ఫోన్ మాట్లాడుతుంటే తలుపు మూసుకుపోయింది. బయట మెట్లన్నీ దిగి చుట్టూ తిరిగొచ్చా." జాడీని చూశాడు. "అవునూ, దీన్ని ఒక్కడివే ఎట్లా దింపావ్?"

అవ్వ రెండు గిన్నెల్లో జావ తెచ్చింది. జియావ్‌ను చూసి ఆగిపోయింది. "ఇతనెవరు? ఇందాకటి మనిషేడీ?"

ఒక గిన్నె జావ జియావ్ తాగాడు. రెండో గిన్నె తాన్ ముట్టలేదు, ఎవరినీ ముట్టనివ్వలేదు. షె వాళ్ల నూడుల్స్ సంగతి అందరూ మర్చిపోయారు.

ఆ రాత్రి నించి నాలుగో అంతస్తులో ఎవరూ ప్రశ్న అడగటం లేదు. దారి తప్పినవాళ్లే చీకట్లో తమలో తాము "ఇది ఎన్నో అంతస్తబ్బా" అనుకుంటే... గోడ దగ్గరనించి మెల్లగా జవాబు వస్తుందట.

"నాలుగు. కింది లెక్కలో."

ఏటి వీధివాళ్లు మిఠాయిలు పంచుకున్నారు. పై వీధివాళ్లు కమిటీకి మూడు పేజీల ఫిర్యాదు పెట్టారు. చనిపోయిన వ్యక్తి తమ గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు కాబట్టి కింది లెక్క చెప్పే హక్కు అతనికి లేదనీ, తగిన సలహా ఇప్పించాలనీ. కమిటీవాళ్లు తాన్‌ను పిలిపించి కాగితం చదివి వినిపించారు.

"వాడు కిందికి మోశాడు, కింది లెక్కే చెబుతాడు," అన్నాడు తాన్. "పై లెక్క కావాలంటే పైకి మోసే బరువు ఏదైనా ఉండాలి."

అతను విసుగుతో అన్న మాట అది. పై వీధివాళ్లు నిజమనుకున్నారు. మర్నాడే నడుమెత్తు కొత్త జాడీ ఒకటి చందాలు వేసుకుని కొని, నాలుగో అంతస్తులో పెట్టించారు.

నాలుగు రోజులు అది కదల్లేదు. ఐదో రోజు పొద్దున చూస్తే ఐదో అంతస్తులో ఉంది.

ఆ కబురు రేవు మెట్ల దగ్గర తాన్ చెవిన పడింది. వేణ్ణీళ్ల కప్పు పక్కన పెట్టి, వెదురు బొంగు, తాడు అందుకుని లేచాడు.

"మళ్లీ ఒక్కడే మోస్తున్నాడు, వెధవ," అని తిట్టుకుంటూ మోకాలు పట్టుకుని మెట్లెక్కసాగాడు.